నలభై డిగ్రీలు దాటకూడని డబ్బాతో హనుమకొండకు

సమస్త ప్రయాణికులకు తెలియజేయునది ఏమనగా: ఎండాకాలంలో ఒళ్లో టిఫిన్ డబ్బాతో రైలెక్కినవాడికి కిటికీ పక్క సీటు ఇచ్చి తీరవలెను. డబ్బాలో ఏముందని అడగరాదు. నా డబ్బాలో ఐస్ ముక్కల మధ్య చిన్న సీసా, సీసాలో తెల్లటి పొడి. మా అక్క కూతురు కావ్య హనుమకొండలో ఒక కాలేజీలో పరిశోధన చేస్తోంది. ఆ పొడిని సికింద్రాబాద్‌లో దాని స్నేహితురాలు రెండు నెలలు కష్టపడి తయారుచేసింది. మోసుకొచ్చే పని పదో తరగతి రెండుసార్లు తప్పిన మేనమామకు పడింది.

ఉదయం ఎనిమిది గంటల బండికి జనరల్ టికెట్ వంద లోపే. ఎక్కగానే కావ్య ఫోన్ చేసింది. "మామా, నలభై దాటనియ్యకు. దాటితే కరగదు, గట్టిగనే ఉంటది. కానీ లోపల అణువులు పట్టుకున్న చేతులు సడలిస్తయ్. ఆ చేతులే హైడ్రోజన్ బంధాలు. దినాలకొద్ది చల్లగ పెడితేగాని మళ్ల పట్టుకోవు. యంత్రంల సడలకముందు ఒక గీత, సడలినంక ఒక గీత, రెండూ కావాలె నాకు."

"పెండ్లిళ్లల్ల గూడ గిట్లనే గదా బిడ్డా."

"నీ జోకులు బంజెయ్యి. థర్మామీటర్ చూసుకుంట రా."

జనగామలో ఫోన్ చేస్తే ముప్పై రెండు అని చెప్పాను. పది దాటాక కాజీపేటలో దిగేసరికి ఐస్ నీళ్లయింది. ఆటో నూట యాభై. డబ్బా చూసి డ్రైవర్ అన్నాడు: "ఒళ్లె ఎందుకన్నా? ఎనుక పెట్టు, ఆరామ్‌గ కూసో. ఏముంది అందుల?"

"మా బామ్మర్ది తెలివి తమ్మీ. జర ఎండ తగిలితే ఆవిరైతది."

సీటు వెనుక, ఇంజిన్ మీది అరలో పెట్టాను. ట్రాఫిక్‌తో కలిపి అరగంట. దిగి ముప్పై ఆరన్నాను.

పదకొండు నుంచి పన్నెండు వరకు పరారుణ కాంతి యంత్రం కావ్యది. మళ్లీ వంతు నెల తరువాతే. పొడి పెట్టగానే తెరమీద గీత కుడివైపు ఉండాల్సింది, ఎడమకు జరిగి కూర్చుంది. "గిదేంది? సడలినంక రావాల్సిన గీత గిది! ఆటోల ఎంతుండె మామా?"

"ముప్పై ఆరు దాటలే."

గంటంతా యంత్రాన్నే అనుమానించింది. యంత్రంలో తప్పు దొరకలేదు. చివరికి స్నేహితురాలికి ఫోన్ చేసింది. "పొడే ఖరాబున్నదే. పారేస్త. మళ్ల మొదటికెళ్లి చెయ్యాలె."

కంటికి కనబడని చేతుల పట్టు కూడా కొలిచే యంత్రం ముందు గంటసేపు కూర్చుని తిరుగు బండెక్కాను. ఇలాంటి సరుకుతో వెళ్లేవారికి సలహా ఒకటే: ఆటోలో సీటు వెనుక అరలో ఏదీ పెట్టకండి, అక్కడ చెయ్యి పెడితే కాలుతుంది. ఇక ముప్పై రెండూ ముప్పై ఆరూ నేను కల్పించినవి. థర్మామీటర్ మా ఇంట్లో టీవీ మీదే ఉంది. కావ్యా, ఆ పిల్ల చేసిన పొడి మంచిదే. ఫ్రిజ్‌లో పెట్టు, పారేయకు.