నీళ్లు గుంజే పైపు

పోయిన నెల భూపాలపల్లి నుంచి పరకాల వైపు వస్తుంటే, బొగ్గు లారీల వెనక ఒక కారు బానెట్ ఎత్తి నిలబడి ఉంది. లోపల్నుంచి ఆవిరి బుసబుసమంటూ లేస్తోంది. నడిపే ఆయన చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతున్నాడు. మా కారు పూర్తిగా ఆగకముందే నేను తలుపు తీసి, "అన్నా, మూత ముట్టకు! మొఖం కాలిపోతది" అని అరిచాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ చరిత్ర లెక్చరరమ్మకు ఇంజన్ల గొడవెందుకన్నట్టు ఆయన మూత మీంచి చెయ్యి తీసి నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన అనుమానం న్యాయమైనదే. నాకు తెలిసింది ఒకే ఒక్క ఇంజన్ గురించి. అది కూడా చదివి తెలుసుకున్నది కాదు, ప్రాణభయంతో నేర్చుకున్నది.

ఆ ఇంజన్ మా చిన్నాయనది. జనగామలో ఆయనకు మెకానిక్ షెడ్డు ఉండేది. ట్రాక్టర్లు, జీపులు బాగుచేసి పూట గడుపుకునేవాడు కానీ, మనసంతా షెడ్డు వెనక రేకుల కింద ఉన్న అమెరికా కారు మీదే. రెండే తలుపులు, మంచమంత బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్. ఏ సినిమావాళ్ల కోసమో ఓడలో వచ్చి, చేతులు మారి మారి, చివరికి కొడకండ్ల దగ్గర ఒక దొరగారి పశువుల కొట్టంలో కోళ్లకు నివాసమైంది. కోళ్లను ఖాళీ చేయించి, దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాడు చిన్నాయన. ఆరేళ్లు పట్టింది లేపడానికి. స్టార్ట్ చేస్తే వీధి చివర కిటికీలు కూడా గడగడలాడేవి. మా చిన్నమ్మ దాన్ని "సవతి" అనేది. "నా మొఖం మీది మచ్చలు కనవడవు గని, దాని రంగు మీద గీత వడితె మాత్రం కనవడ్తది" అని దెప్పేది. పెళ్లయిన చాలా ఏళ్లకు కూడా పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ దెప్పుళ్లే సందడి. నన్ను కూతురిలాగే చూసుకున్నారు.

చిన్నమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు హన్మకొండ దవాఖానకు తీసుకెళ్లి మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బస్సులో రావడం. ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, మా కాలేజీకి తాళం పడింది, నేను చిన్నమ్మకు తోడుగా వచ్చి ఉన్నాను. చిన్నాయన రోజూ దీక్షా శిబిరంలో కూర్చుని గొంతు పోయేదాకా నినాదాలిచ్చేవాడు. మొదట్లో ఎట్లాగో ఆటోల్లో తిప్పాం, రాస్తారోకోలు పెరిగాక ఒక విడత మిషను తప్పింది. రెండో విడత రోజు తెల్లవారేసరికి చిన్నమ్మ మొహం ఉబ్బిపోయింది, పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఇంకో కేసు మీద పోయిందన్నారు. అద్దాలు పగులుతాయని ఆటోవాళ్లు రానన్నారు. ఇరవై రోజులుగా ఏ చక్రమూ తిరగొద్దని అరిచిన మనిషి, ఆ పొద్దున గోడకు తల ఆనించి కాసేపు నిలబడ్డాడు. తర్వాత షెడ్డులోకి పోయి సవతిని బయటికి తీశాడు.

పెద్ద రోడ్డు మీద అడుగడుగునా రాస్తారోకోలని విని, దేవరుప్పుల మీదుగా పాలకుర్తి దారి పట్టాం. వెనక సీటు పరుపులా ఉండేది. చిన్నమ్మను నా భుజానికి ఆనించి కూర్చోబెట్టాను. ఆ కారు అంతకుముందు ఎన్నడూ ఊరు దాటి పోలేదు. షెడ్డులో రోజంతా స్టార్ట్ చేసి ఉంచినా వేడి చూపే ముల్లు మధ్యలోంచి కదిలేది కాదని చిన్నాయనకు గర్వం. దేవరుప్పుల దాటి వేగం పెంచాడో లేదో, ముల్లు ఎరుపు వైపు జరిగింది. ఆపాడు. ఇంజన్ తిరుగుతుండగానే ముల్లు మెల్లగా దిగింది. మళ్లీ బయల్దేరితే మళ్లీ ఎక్కింది. ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. నీళ్లు ఎక్కడా కారడం లేదు. నీళ్ల దారిలో అడ్డం పడుతుందని థర్మోస్టాట్ ఎప్పుడో తీసేశాడు. బండి ఏదైనా నిలబడితే వేడెక్కి, పరుగెత్తితే గాలికి చల్లబడాలి. ఇది తలకిందులుగా ఉంది. ఎద్దుబండిలా పోతే ఏమీ లేదు, వేగం పెంచితే చాలు కాగిపోతోంది. ఎద్దుబండిలా పోతే హన్మకొండ చేరేసరికి పొద్దుగూకుతుంది. అప్పటిదాకా చిన్నమ్మ ఊపిరి ఉండేలా లేదు. ఒక్కో శ్వాస కొలిమి తిత్తిలా చప్పుడు చేస్తోంది.

"ఎట్లనన్న చెయ్యి, సిన్నాయినా" అన్నాను.

"ఏం జెయ్యాలె బిడ్డా? నా చేతుల్తోని చేసిన బండే నా పెండ్లాన్ని సంపెటట్టున్నది" అంటూ ఆయన పిడికిలితో బానెట్ మీద కొట్టాడు. అంత ముద్దుగా చూసుకున్న బానెట్ సొట్టపడింది.

పాలకుర్తి ఇంకా రానేలేదు, రోడ్డుకడ్డంగా తుమ్మకొమ్మలు. వాటి వెనక రాళ్లు పేర్చి, పెద్ద డేగిసాలో అన్నం వండుతున్నారు. వంటావార్పు, రోడ్డు మీదే వండి తినే నిరసన. పక్క లంబాడీ తండా జనమే ఎక్కువ. కారును చూసి యువకులు లేచారు. ఒకడు కర్రతో ముందుకొచ్చి, వెనక అద్దంలోంచి చిన్నమ్మను చూసి కర్ర దించాడు. కొమ్మలు లాగేయడం మొదలుపెట్టారు. చిన్నాయన మాత్రం కదల్లేదు. "తొవ్వ ఇచ్చినా నడువదు తమ్మీ, ఉరికిస్తె కాగుతున్నది" అని స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదలు.

అన్నం కలుపుతున్న ఒకామె గరిటె పక్కనపెట్టి వచ్చింది. నడివయసు, కొంగుతో చెమట తుడుచుకుంటూ అడిగింది. "అన్నా, మెల్లగ తిరిగితె మంచిగనే ఉండి, జోరు వెంచితెనే కాగుతదా?"

"అవునమ్మా."

"మా బావికాడ ఇంజన్‌కు గూడ గిట్లనే అయింది. నీళ్లు గుంజే పైపుకు లోపట తీగ సుట్ట లేని మెత్త పైపు ఏసినం. జోరు వెంచంగనే అది లోపటికి వీల్చుకపోయి నీళ్లు బందువెట్టింది. మీ బండికి నీళ్లు గుంజే పైపు ఏది?"

చిన్నాయన తలెత్తాడు. గభాలున దిగి బానెట్ ఎత్తి, "బిడ్డా, నువ్వు కూసుని ఎక్స్‌లేటర్ తొక్కు" అన్నాడు. నేను తొక్కాను. ఇంజన్ గర్జించింది. "ఇంకా!" అని అరిచాడు. తొక్కాను. ఆపమని చెయ్యి ఊపాడు. రేడియేటర్ అడుగు నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపు, జోరు పెంచగానే తాటాకులా నొక్కుకుపోయిందట. దించగానే మళ్లీ ఉబ్బింది. ఆయన ఆమె వైపు తిరిగి, తప్పు ఒప్పుకునే పిల్లాడిలా చెప్పాడు. "పాత పైపుల ఇనుప స్ప్రింగు ఉండె. తుప్పువట్టిందని తీసి పారేసిన. అది ఎందుకున్నదో గప్పుడు ఎర్కలే."

ఆమె భర్తతో తమ భాషలో గబగబా ఏదో చెప్పింది. అతను మోటారుసైకిల్ మీద బావి దగ్గరికి పోయి పాత పైపు ముక్క తెచ్చాడు. దాన్ని చీల్చి లోపలి తీగ చుట్టను బయటికి లాగారు. కానీ మరిగే ఇంజన్‌ను విప్పడానికి లేదు, చల్లారాలి. ముప్పావు గంట. నా జీవితంలో అంత పొడుగు కాలం ఇంకొకటి లేదు. ఆడవాళ్లు చిన్నమ్మను దించి చింతచెట్టు నీడలో కూర్చోబెట్టి, కొంగులతో విసిరారు. పెదవులు నల్లబడుతున్నాయి. నీళ్లడిగితే డాక్టరు వద్దన్నాడని తడిగుడ్డ అద్దాను. ఒకసారి కళ్లు తెరిచి, దూరంగా బానెట్‌లో తల దూర్చిన భర్తను చూసి, "నేను పోతున్నా దాని కాన్నే ఉన్నడు" అంది. నవ్విందో, ఊపిరి ఎగిసిందో నాకు తెలియలేదు. నేను మాత్రం ఆమె చెయ్యి వదలకుండా, మనసులో అందరు దేవుళ్లతోనూ పోట్లాడాను.

ఇంజన్ చల్లారాక చిన్నాయన ఆ తీగను గునపానికి చుట్టి సన్నం చేసి, బండి పైపులోకి దూర్చి బిగించాడు. ఇంకో వాయి అన్నానికి ఎసరు పెట్టాల్సిన నీళ్లు తెచ్చి, ఇంజన్ తిరుగుతుండగా కొంచెం కొంచెంగా పోశారు. నన్ను మళ్లీ తొక్కమన్నాడు. ఈసారి పైపు నొక్కుకుపోలేదు. జనమంతా ఒక్కసారి జై తెలంగాణ అన్నారు. కర్ర పట్టుకున్న యువకుడే జెండా కట్టిన మోటారుసైకిల్ మీద ముందు సాగి, వర్ధన్నపేట దాకా ప్రతి అడ్డునూ తీయించాడు. ముల్లు మధ్యలోంచి కదల్లేదు. చిన్నాయన దాన్నే చూస్తూ, నేను చిన్నమ్మ గుండెలు ఎగిసిపడడాన్నే చూస్తూ హన్మకొండ చేరాం. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. ఇంకో గంట ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరు అన్నాడు.

సమ్మె విరమించేదాకా ఆ కారే చిన్నమ్మను తిప్పింది. పోతూ వస్తూ తండా దగ్గర ఆగేవాళ్లం. పైపు సంగతి చెప్పినామెను చిన్నమ్మ "అక్కా" అని పిలిచేది. దాదాపు మూడేళ్లకు, రాష్ట్రం వచ్చిన రోజు జనగామలో రంగులు చల్లుకుంటుంటే, చిన్నమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని చూసింది. ఆ చలికాలమే పోయింది, నిద్రలో, నెమ్మదిగా. తర్వాత చిన్నాయన షెడ్డు మూసేశాడు. కారును ఎవరో ముచ్చటపడి తీసుకుపోయారు.

చిన్నమ్మకు ఆ పొద్దు తర్వాత దక్కిన సంవత్సరాలు ఎట్లా గడిచాయని అడిగితే, ఏదో ఒకటి రెండు పండుగలు, కొన్ని నవ్వులు తప్ప వరసగా చెప్పలేను. ఆ ముప్పావు గంటలో మాత్రం ప్రతి నిమిషమూ నాకు గుర్తుంది. కాలం సుఖంగా ఉన్నప్పుడు మనకు చెప్పకుండానే పోతుంది. పోబోతున్న మనిషి చెయ్యి పట్టుకుని మనం కూర్చున్నప్పుడే, అదీ పక్కన కూర్చుని కదలనంటుంది.