ఖాళీ గడి కూడా అల్లాలి

మొన్న రాజమండ్రిలో నా ల్యాప్‌టాప్‌ని రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన మూత ఎత్తాడు, రెండు మీటలు నొక్కాడు, మళ్ళీ మూసేశాడు. నాడి చూసి పెదవి విరిచే డాక్టరు మొహం పెట్టి, "దీంట్లో ఇంకేం లేదండి మేడమ్, కొత్తది తీసేసుకోండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన వస్తువులో ఏముందో ఏం లేదో విప్పి చూడకుండా తేల్చేయడానికి ఈయనెవరు? "ముందు విప్పండి. ఆ తరువాత మాట్లాడదాం" అన్నాను. అన్నాక తెలిసింది, ఆ గొంతు మా పెద్దమ్మదని. ఆవిడ పోయి చాలా కాలమైంది కానీ, ఇలాంటి చోట్ల నా నోటితో ఆవిడే మాట్లాడేస్తుంది. నేనూ అడ్డుపడను.

పెద్దమ్మది నరసాపురం. పదేళ్ళప్పుడు చేతికెక్కిన లేసు సూది అరవై దాటినా దిగలేదు. పొయ్యి మీద పులుసు మరుగుతున్నా, పిట్టగోడ మీదుగా పక్కింటావిడతో పోట్లాడుతున్నా, ఆ కొక్కెం సూది మాత్రం దారాన్ని లాగి ముడేస్తూనే ఉండేది. అల్లేవాళ్ళు ఊరంతా ఉన్నారు. పెద్దమ్మ డిజైన్లు కూడా గీసేది. గళ్ళ కాగితం మీద కొన్ని గడులు పెన్సిలుతో నల్లగా నింపి, కొన్ని ఖాళీగా వదిలేది. నిండు గడుల్లో బొమ్మ తేలుతుంది, ఖాళీ గడులు కన్నాలవుతాయి. అలా గీసినవన్నీ ఏజెంటుగారు పట్టుకుపోయేవారు. ఊళ్ళో ఆడవాళ్ళకి దారం ఇచ్చి, అల్లిన లేసు సేకరించి కంపెనీలకి పంపే మనిషాయన. కంపెనీల దగ్గర అవి ఏజెంటుగారి డిజైన్లు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది ముప్పై ఏళ్ళు మా ఇంటి వీధరుగు మీదే నడిచింది. ఒకసారి పెద్దమ్మ ఉండబట్టలేక అడిగేసింది. ఆయన హాయిగా నవ్వి, "మీ డిజైనంటారేంటండి? గళ్ళు ఎవరైనా నింపుతారు. ఎక్కడన్నా మీ పేరుందా దాని మీద?" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ పూట పెద్దమ్మ అన్నం ముట్టలేదు. ఏడ్చిందేమో అనుకుని వెళ్ళి చూస్తే, పళ్ళు కొరుకుతూ కొత్త కాగితం మీద గళ్ళు గీస్తోంది.

రెండువేల ఐదో ఆరో అయి ఉంటుంది. నేను ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెబుతూ పెద్దమ్మ ఇంట్లోనే ఉండేదాన్ని. పెద్దమ్మ అల్లుడు, అంటే మా అక్క భర్త, నాకు బావగారు, కాకినాడలో ఉద్యోగం చేసేవారు. తను కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని పాతది తెచ్చి మా ఇంట్లో పడేశారు. ఇటుకంత బరువు, ఒళ్ళో పెట్టుకుంటే దాని వేడికి చీర ఇస్త్రీ అయ్యేది. ఓ రోజు నేను దాంట్లో పిల్లల మార్కులు ఎక్సెల్‌లో ఎక్కిస్తుంటే పెద్దమ్మ వెనక నుంచి వంగి చూసి, "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇది మన గళ్ళ కాగితమేనే!" అంది. అంతే, నా మార్కులు గంగలో కలిశాయి. గడిలో ఒకటి కొడితే నిండు, సున్నా కొడితే ఖాళీ అని తనే ఒక పద్ధతి పెట్టుకుంది. ఒకటి ఉన్న గడి నల్లబడేలా నేను ఏర్పాటు చేసిచ్చాను. ఒక గడిని పట్టుకుని కిందికి లాగితే అదే అంకె వరసగా నిండిపోతుందని కూడా నేనే నేర్పాను. ఆ పాపం నాదే, ఒప్పుకుంటున్నాను.

ఆవిడ మొదలుపెట్టిన బొమ్మ నరసాపురం రేవులో పంటు. గోదావరి దాటించే పంటు మీద సైకిళ్ళు, పాలబిందెలు, గొడుగేసుకున్న మాస్టారు, చంకలో కోడితో ఒక ముసలమ్మ, కింద నీళ్ళు. ఓ పెద్ద బల్లగుడ్డకి సరిపడా. సగమయ్యేసరికి ల్యాప్‌టాప్ మొరాయించింది. ఆన్ చేసి వెళ్ళి అన్నం వార్చుకుని రావచ్చు. ఫైలు తెరవడానికి కూర కూడా వండుకోవచ్చు. ఆఖరికి అదీ తెరుచుకోవడం మానేసి తెల్లమొహం వేసుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. విదేశాలకి లేసు పంపే కంపెనీ నుంచి ఒకావిడ శుక్రవారం వస్తున్నారట, ఎవరి డిజైన్లు వాళ్ళే తెచ్చి చూపించవచ్చట. ఏజెంటు మధ్యలో లేకుండా! ముప్పై ఏళ్ళలో మొదటిసారి. పెద్దమ్మ గీసింది ఆ పెట్టెలో ఇరుక్కుంది. కాగితం మీద మళ్ళీ గీయడానికి వ్యవధి లేదు.

ఆదివారం బావగారు వచ్చారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్దమ్మ అల్లుడితో ఎదురుపడి మాట్లాడేది కాదు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అంతే. ఆయన హాల్లో కుర్చీలో ఉంటే, ఈవిడ వంటింటి తలుపు వారన నిలబడి నాతో చెప్పేది. మధ్యలో నేను టెలిఫోను తీగని. బావగారు ల్యాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి, "దీంట్లో ఇంకేం లేదండి అత్తయ్యగారూ, పారేయండి. కొత్తది నేను కొంటాను, వచ్చే నెల" అన్నారు.

"శుక్రవారం వచ్చే నెల్లో రాదని చెప్పవే మీ బావగారితో" అంది తలుపు.

నేను చెప్పాను. ఆయన విన్నారు, విన్నదే మళ్ళీ విన్నట్టు తలూపారు. "పాత సామానుకి ఎంత చేసినా అంతేనండి."

"లేసులో ఒక కుట్టు తప్పితే గుడ్డంతా పారేస్తామా అని అడగవే. ఎక్కడ తప్పిందో అక్కడిదాకా విప్పుకుంటూ వస్తాం. దాన్నీ విప్పిస్తాను."

మంగళవారం నేను సెలవు పెట్టాను. రైల్లో భీమవరం వెళ్ళాం, పెద్దమ్మ ఒళ్ళో పాత చీర చుట్టిన ల్యాప్‌టాప్. అక్కడి రిపేరాయన వెనకటికి రేడియోలు బాగుచేసిన మనిషి, విప్పడమంటే సరదా. అడుగు మూత తీసి, "ఇదేంటమ్మా, లోపల పరుపు కుట్టారా?" అన్నాడు. ఫ్యాను నిండా తెల్లటి దారపు నూగు. పెద్దమ్మ ఆయన్ని పక్కకి జరగమని, బొడ్లోంచి లేసు సూది తీసి, రెక్కల సందుల్లోంచి ఆ నూగంతా పోగు మిగలకుండా లాగేసింది. ఆయన గుడ్లప్పగించి చూశాడు. తరువాత ర్యామ్ చాల్లేదన్నాడు. అదేంటని ఈవిడ అడిగింది. "ఒడిలాంటిదండి. ఒళ్ళో ఎంత పడితే అంత పని చేసుకుంటుంది. దీనికి ఒడి చిన్నది."

"అయితే ఒడి పెద్దది చెయ్యండి" అంది పెద్దమ్మ.

చేశాడు. ల్యాప్‌టాప్ చిటికెలో లేచి కూర్చుంది. మేం చప్పట్లు కొట్టాం. ఫైలు నొక్కితే మాత్రం మళ్ళీ అదే మొరాయింపు. రిపేరాయన పట్టు వదలకుండా కూర్చున్నాడు, రెండు టీలయ్యాక ఫైలు తెరుచుకుంది. కిందికి జరిపాడు. సున్నాలు. ఇంకా జరిపాడు. సున్నాలు. పంటు ఎక్కడో పైమూల మిగిలిపోయింది, షీటు అట్టడుగు దాకా, కుడి చివర దాకా లక్షల సున్నాలు.

"ఎవరండీ ఇన్ని సున్నాలు చుట్టింది?"

"నేనేనండి" అంది పెద్దమ్మ, దొంగతనమేమీ చేయనట్టు. "ఖాళీ గడి కూడా అల్లాలి కదా. దానికీ మూడు కుట్లు పడతాయి. అల్లకపోతే కన్నం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

నేను రోజూ పిల్లలకి పాఠం చెప్పే మనిషిని, నాకు తట్టనే లేదు. సిగ్గుతో నేల చూశాను. ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, సున్నాలన్నీ తీసేస్తే గుర్రంలా పరిగెడుతుందన్నాడు. పెద్దమ్మ ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసేసింది. "గుడ్డ అంచు దాకా ఉన్నవి నావి, ముట్టుకోకండి. అంచు బయటవి మీరు తీసుకోండి." బయటవి పోయాయి. ఫైలు గుటక వేసేలోగా తెరుచుకుంది.

మిగిలిన సగం బొమ్మ పెద్దమ్మ రెండు రాత్రుల్లో నింపేసింది, శుక్రవారం ల్యాప్‌టాప్ పట్టుకునే వెళ్ళాం. ఏజెంటుగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కంపెనీ ఆవిడ తెర మీద పంటు చూసి ముచ్చటపడి ఇది ఎవరిదని అడిగితే, "మా దగ్గర అల్లేవాళ్ళదేనండి, మన డిజైనే" అన్నాడాయన, తడుముకోకుండా. పెద్దమ్మ నాకు సైగ చేసింది. నేను బొమ్మని చిన్నది చేశాను. పంటు కింద అలలు ఒకదాని పక్కన ఒకటి చేరి అక్షరాలయ్యాయి. నాకే తెలియదు, ఎప్పుడు చేసిందో! నల్ల గడుల నీళ్ళల్లో తెల్లటి ఖాళీ గడులతో ఆవిడ పేరు.

"పేరుందా అని అడిగారు కదండీ ఏజెంటుగారూ. చదవండి" అంది.

ఆయన చదవలేదు. వెనక కూర్చున్న ఆడవాళ్ళంతా చదివారు, పైకి, ఒక్క గొంతుతో. ఆ పేరు నేనిక్కడ రాయను. కావలసినవాళ్ళు ఆ గుడ్డ వెతుక్కుని చదువుకోవచ్చు. కంపెనీ వాళ్ళు ఆ అలల్ని మార్చకుండానే అల్లించారు.

ఆ తరువాత బావగారు నిజంగానే కొత్త ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు, పాపం మంచి మనిషే. పెద్దమ్మ తలుపు చాటు నుంచి బయటికొచ్చి, పన్నెండేళ్ళలో మొదటిసారి ఆయన ఎదుట నిలబడి, "అక్కర్లేదు బాబూ. దీంట్లో ఇంకా చాలా ఉంది" అంది. బావగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. ఆ పెట్టె మీద ఆవిడ ఇంకో ఆరేళ్ళు గీసింది.

మొన్న రాజమండ్రి షాపాయన చివరికి విప్పాడు, బాగుచేశాడు కూడా. దాని మీదే ఇది రాస్తున్నాను. ఇది నా అరవయ్యో ఏడు. ఏమీ చేయకుండానే గడిచిపోయాయని నేను అనుకునే ఏళ్ళు కొన్నున్నాయి. ఇప్పుడు వాటినీ ఎవరినీ ముట్టుకోనివ్వను, అంచు లోపలివన్నీ నేను అల్లినవే.