పేర్లు తీసేసే మనిషి

ఆసుపత్రిలో రోగుల వివరాలు చూసే ఆవిడకి తోటివాళ్లు పెట్టిన పేరు మూగనోము. మహమ్మారి ఎవరికి సోకిందో తెలుసుకోవాలని వీధి వీధంతా చెవులు కొరుక్కుంటున్న రోజుల్లో, కట్టుకున్న మొగుడికి కూడా ఆవిడ ఒక్క మాట చెప్పలేదు. కళ్లద్దాలు ముక్కు మీదకి జారుతున్నా పట్టించుకోకుండా, పెదవులు కదుపుతూ ఒక్కో రిపోర్టూ చదివి, పేరూ చిరునామా తీసేసి, వయసూ జబ్బు లక్షణాలూ వాడిన మందులూ మాత్రం ఉంచేది. అవన్నీ నాలుగు దేశాల పరిశోధకులకి వెళ్లాలి. తీరా పంపే రోజున, మధ్యాహ్నం ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. ఒక రిపోర్టులో డాక్టరు రాసిన 'ఒక్క చెయ్యే ఉన్న ఈత మాస్టారు' అన్న మాట గుర్తొచ్చింది. పేరు తీసేసి ఏం లాభం? ఊరంతటికీ అలాంటివాడు ఆయనొక్కడే. జబ్బు ఎప్పుడో నయమైనా, సంగతి పొక్కితే ఆయన దగ్గరకి పిల్లల్నెవరు పంపుతారు? ఎంగిలిచెయ్యి కడుక్కోకుండానే మెట్లెక్కింది.

"డాక్టరుగారూ, పంపేశారా?"

"నువ్వు సరేననకుండా ఎప్పుడైనా పంపానా తల్లీ? ముందు కూర్చో, ఆయాసపడుతున్నావ్."

కుర్చీలో కూలబడి నవ్వేసింది. ఆ మాట తీసేశాక, పరిశోధకులు తప్ప ఇంకెవరూ తెరవలేకుండా భద్రం చేసి ఇద్దరూ కలిసి పంపారు. సాయంత్రం ఇంటికెళ్తూ, కొత్తగా మళ్లీ తెరిచిన ఈతకొలను దగ్గర ఆగింది. మాస్టారు ఈల వేస్తుంటే పిల్లలు దబదబా దూకుతున్నారు. ఆవిడెవరో తెలియని మాస్టారు, "మీ పిల్లల్నీ చేర్పించండమ్మా" అన్నాడు.

"మావాణ్ని రేపే తీసుకొస్తా మాస్టారూ" అంది.