అవ్వ ఇంకా రాస్తోంది

తొంగ్యోంగ్ అనే రేవు పట్నంలో తక్ మిహ్యాంగ్ అక్క పక్కన కూర్చుని పనిచేయాలంటే ఓపిక ఉండాలి. వెబ్‌సైట్లు కట్టడం మా ఇద్దరి పని. అన్నం ముందు పెట్టుకుని కూడా ఆవిడ కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పదు. చారు చల్లారిపోతుంది. "ఏముందక్కా అందులో?" అంటే, "మనుషులున్నార్రా" అంటుంది. నేను నవ్వేవాణ్ణి.

ఆ ఏడాది, ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్న అవ్వలకు రచనల పోటీ పెట్టారు. సైటు మాదే. లోపలికొచ్చిన ప్రతి మనిషికీ సర్వర్ ఒక సెషన్ తెరుస్తుంది. వచ్చిందెవరో, ఏ పేజీలో ఉన్నారో అందులో గుర్తుపెట్టుకుంటుంది. అరగంట సేపు ఏ బటనూ నొక్కకపోతే మనిషి వెళ్లిపోయిందనుకుని దాన్ని చెరిపేస్తుంది. అక్షరాలు కొడుతూనే ఉన్నా సరే, బటన్ నొక్కేదాకా దానికి తెలియదు. ఆ తర్వాత నొక్కితే మొదటి పేజీకి తోసేస్తుంది. రాసిందంతా గంగపాలే.

పోటీ చివరి రోజు పొద్దున యోక్జీ దీవి నుంచి పాన్ జొమ్రే అనే అవ్వ సైట్లోకి వచ్చింది. రచన పేజీ తెరిచింది. ఇక ఉలుకూ పలుకూ లేదు.

"చేపలు ఎండేసుకోడానికి పోయుంటుందిలే అక్కా."

"పోతున్నానని నీకు చెప్పిందా?"

"అయితే ఆ అరగంటని పెంచెయ్యరాదూ, గోల వదిలిపోద్ది."

"పెంచాలంటే సర్వర్ ఆపి మళ్లీ లేపాలి. సెషన్లన్నీ దాని మెమరీలోనే ఉన్నాయి. ఆపితే అవ్వది పోతుంది."

"పోనీ ఫోన్ చెయ్యి."

"కంగారుపడి ఏదో ఒకటి నొక్కేస్తుంది. నువ్వు నోర్మూసుకుని తిను."

ఆ ఒక్క సెషన్ గడువు దగ్గరపడ్డప్పుడల్లా అక్క సర్వర్ ఆపకుండానే తన చేత్తో ముందుకు జరుపుతూ కూర్చుంది. బాత్‌రూమ్‌కి వెళ్లాల్సొస్తే నన్ను కాపలా పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఉందో లేదో తెలియని మనిషి కోసం ఇంత చాకిరీ ఏమిటని అడిగేశాను.

"మా అమ్మకి చదువు రాదురా. వార్డు ఆఫీసులో సంతకం పెట్టమంటే పేరు ఒక్కో గీతా గీసేది. సగంలో ఉండగానే 'తర్వాతెవరు' అని కాయితం లాగేసేవాళ్లు." అంతే, మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగింది.

సాయంత్రం, పోటీ మూసేయడానికి కాస్త ముందు, అవ్వ బటన్ నొక్కింది. రచన వచ్చి పడింది. ఇద్దరం వంగి చదివాం.

"అమ్మా, ఆడపిల్లకి అక్షరాలెందుకు అన్నావు. నేర్చుకున్నాను. ఇదిగో నీ పేరు."

దాని కింద వాళ్లమ్మ పేరు. రోజంతా రాసింది అంతే.

సముద్రానికి అవతల ఒక వేలు, ఇవతల ఒక వేలు. అవతలి దాని కోసం ఇవతలిది పొద్దుటి నుంచీ ఆగకుండా పనిచేసింది, అవతలి దానికి ఆ సంగతే తెలియదు. ఇంత పెద్ద విషయం నా పక్క కుర్చీలోనే జరిగింది.

అక్క చల్లారిన చారు దగ్గరికి లాక్కుని, "ఇప్పుడు ఆపుకో తమ్ముడూ నీ సర్వర్" అంది.

నేను వెంటనే ఆపలేదు. లోపల ఇంకెవరైనా ఉన్నారేమోనని ముందు చూశాను.