అత్తకు అప్పజెప్పిన విమానం

మా మేనత్త పోయిందన్న కబురు నాకు విమానం తోక దగ్గర అందింది. ఎగిరే ముందు చుట్టూ తిరిగి ప్రతి భాగాన్నీ చేత్తో తాకి చూడాలి. సగం తిరిగానో లేదో ఫోన్ మోగింది. "అమ్మ పోయిందే" అన్నాడు బావ. మిగిలిన సగం ఆ రోజు తిరగలేదు. రెండు నెలలైంది.

ఆమె మీకెవరికీ తెలియదు. తాండూరు పక్కన కాసిని గొర్రెలు, రెండెకరాల కంది చేను, అదే ఆమె లోకం. అక్షరం ముక్క రాదు. విమానం గురించి నాకు నేర్పింది ఆమేనంటే నవ్వకండి.

వికారాబాద్‌లో మా ఇంట్లో నా పైలట్ చదువు వినే ఓపిక ఎవరికీ లేదు. అందుకే ఆదివారం రైలెక్కి తాండూరు పోయేదాన్ని. గొర్రెపిల్లకు పాలు తాపుతూనే, "ఊఁ, చెప్పు కోడలా. ఇయ్యాల ఏం ముక్క?" అనేది. మనుషులు కూర్చునే పొట్ట ఫ్యూజలాజ్ అనీ, రెక్క చివర కదిలే పలక ఐలరాన్ అనీ, తోకలో నిలువుగా ఉండేది రడ్డర్ అనీ అప్పజెప్పేదాన్ని.

"పేరు సరే. గది ఏం పని జేస్తది? పనిలేని ముక్కను ఎవరన్న మీదికి మోసుకపోతరానే?"

నేను పేర్లు బట్టీపట్టేదాన్నే గానీ పని తెలుసుకునేదాన్ని కాదు. మొదటి నోటి పరీక్షలో అక్కడే బోల్తాపడ్డాను. తోకకు అడ్డంగా ఉండే ఎలివేటర్ పలక పైకి లేస్తే తోక కూడా లేస్తుందని చెప్పాను. మాకు నేర్పే సార్ తప్పని పుస్తకం మూసేశారు. ఏడుపు ముఖంతో అత్త దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆమె ఒక అట్టముక్క తెచ్చి, వెనక అంచు పైకి మడిచి, ముందు అంచును వదులుగా పట్టుకొని గాలికి ఎదురు నిలబడమంది. అట్ట వెనక భాగం కిందికి దిగింది.

"సూస్తివా? అడ్డమొస్తే గాలి ఊకుంటదా, తొక్కుతది. తోక కిందికి, మూతి మీదికి. కందులు తూర్పార వట్టెటోళ్లకు గాలి సంగతి ఎర్కనే బిడ్డా."

ఒక్కరమే ఎగిరేటప్పుడు పక్క సీటు బెల్టు కూడా కట్టాలనీ, వదులుగా ఉంటే నడిపే పిడికి చుట్టుకుంటుందనీ ఒకసారి చెప్పాను. పగలబడి నవ్వింది. "గయితే గది నా జాగనే. లైసెన్స్ రాంగనే నన్ను కూసోవెట్టుకో. అందాక ఇంకొకరు రాకుండ గట్టిగ కట్టు." అలాగేనన్నాను. ఆ రోజు కోసం ఎర్ర చీర కూడా తీసిపెట్టుకుంది.

చివరి పరీక్షను నేను రెండుసార్లు వాయిదా వేశాను. పనేమీ అడ్డురాలేదు, ఉత్త భయం. "ఎప్పుడే?" అని ఆమె అడిగిన ప్రతిసారీ "వచ్చే నెల" అన్నాను. నేను భయపడకపోయి ఉంటే ఆమె ఎగిరేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, మీతోనే అంటున్నాను. ఆదివారాలు ఇప్పుడు చాలా పొడుగ్గా ఉన్నాయి. రెండు వారాలు అలవాటుగా స్టేషన్ దాకా పోయి తిరిగొచ్చాను.

ఎట్టకేలకు ఆ పరీక్ష గట్టెక్కాను, మొన్న లైసెన్స్ చేతికొచ్చింది. "ఇక ఎవరినైనా ఎక్కించుకోవచ్చు. ఎవరొస్తున్నారు?" అన్నారు సార్.

"ఎవరూ లేరు సార్."

చుట్టూ తిరిగి ఒక్కో భాగాన్నీ తాకాను. దేని పనేమిటో ఆమెకు చెప్పినట్టే పైకి చెప్పుకున్నాను. తోక దగ్గర కొంచెం ఆలస్యమైంది. ఎక్కి నా బెల్టు పెట్టుకున్నాను. తర్వాత పక్కకు వంగి, ఖాళీ సీటు మీదుగా రెండో బెల్టు లాగి, గట్టిగా కట్టాను.