నిమ్మకాయలతో ఏరు కొలిచిన పొద్దు

ఏట్లో నీళ్ళు ఎంత ఎత్తున ఉండాయో, ఎంత వడిగా పోతాండాయో చూసి పైవాళ్ళకు చెప్పడం నా ఉద్యోగం. జమ్మలమడుగు దిగువన పెన్నలో నీళ్ళుండేదే తక్కువ. ఏడాదిలో ముక్కాలు భాగం ఇసకను చూసి 'నీళ్ళు లేవు' అని చెప్పి జీతం తీసుకుంటాంటి. ప్రొద్దుటూర్లో మా మామ అడిగినోళ్ళకల్లా అల్లుడు ఇంజినీరని చెప్తాండె. నేనూ కాదనకపోతి.

అవి ఊరూరా రెండు పార్టీలు తలలు పగలగొట్టుకునే దినాలు. టీ అంగళ్ళు కూడా వీళ్ళది వేరే, వాళ్ళది వేరే. నాకేంది, నేను గవుర్మెంటోన్ని అని తలెత్తుకొని తిరుగుతాంటి. ఎంత తెలివిగల్లోన్నో చూడండి.

ఆ యేడు పైన వానలు దంచినాయి. ఏరు పూటపూటకూ పెరగబట్టె. నడి ఏట్లో ఇసక దిబ్బ మీద ఒక గొర్రెలాయప్ప మందతో దిగి ఉండె. రెండు దినాలు గట్టున నిలబడి గొంతు పోయేదాకా అరిచినా, "మామా, నీళ్ళొస్తాండాయి, మందను పైకి తోలుకోప్పా" అని. ఆయప్ప నా పక్క ఒకసారి చూసి బీడీ ముట్టిచ్చుకునె. ఆ గొర్రెలు పోతే ఆయప్ప బతుకే పోయినట్టు.

మర్నాడు నీళ్ళ వడి కొలవాల్సొచ్చె. కొలిచే మీటరేమో రిపేరుకు పోయింది. మీటరు లేకుంటే తేలేదేదన్నా ఏట్లో వేసి, ఈ గుర్తు కాడినుంచి ఆ గుర్తు దాకా పోయేదానికి ఎంతసేపు పట్టిందో లెక్క కట్టమని ట్రైనింగులో చెప్పినారు. సంతలో నిమ్మకాయలు కొని, బకెట్లో వేసి, తేలేటివి ఏరినా. బురదనీళ్ళలో బాగా కనపడాలని ఎర్రపెయింటు కూడా పూసినా. నా బుర్రకు దండం పెట్టాల. వంతెన మీద నిలబడి ఒక్కోటి వదులుతా, నోట్లో అంకెలు గొణుక్కుంటా ఉంటి. చూసేవాళ్ళకు ఎట్ల కనపడతాండానో నాకు తట్టనే లేదు.

కాయలన్నీ పోయి దిబ్బకు తగులుకునె. గొర్రెలాయప్ప ఒకదాన్ని కట్టెతో పొడిచి, తలెత్తి నన్ను చూసె. అంతే, ఎవురో తరుముతాన్నట్టు మందనంతా మోకాటి నీళ్ళలో దాటిచ్చి గట్టెక్కె. సాయంత్రానికి దిబ్బ మునిగిపాయ.

మర్నాడు ఆయప్ప మా ఆఫీసుకొచ్చె. తంతాడేమోనని తలుపు సగమే తీసినా.

"మా మీద చేతబడి చేయమనింది మీ పార్టీవాళ్ళేనా?" అని అడిగె.

"నాకు పార్టీ యాడిదప్పా?"

"వాళ్ళ ఇంట్లోనే గదా బాడిగకుండేది."

నిజమే. నేనుండే ఇల్లు అవతలి పార్టీ లీడరు తమ్మునిది. కొళాయి ఉందని చేరినా. ఆ సంగతికి అర్థమేందో నాకు తప్ప ఊరంతటికీ తెలుసు.

"మరి నీళ్ళొస్తాండాయని అంతగా మొత్తుకుంటి గదా, అప్పుడెందుకు కదల్లేదు?"

"మీవాళ్ళ మాట ఎవురు నమ్ముతారప్పా? మాటయితే అబద్ధం చెప్తారు. చేతబడి అబద్ధం చెయ్యరు గదా" అనె, శానా నిదానంగా.

నాకు నగువొచ్చె, ఏడుపూ వచ్చె. ఇట్లయితే లాభం లేదని ఆ నెలలోనే గొర్రెలాయప్ప పార్టీవాళ్ళ వీధికి ఇల్లు మారితి. మళ్ళా ఏరొచ్చినప్పుడు ఆయప్ప నా ఒక్క కేకకే మందను తోలుకొని పాయ. నా పాత ఇంటాయప్పకు అవతలి గట్టున చీనీకాయల తోట, దానికి ఏటినీళ్ళు తోడే మోటారు ఉండె. మోటారు తీసి పైన పెట్టుకోమని మూడుసార్లు పోయి చెప్పినా, నా పక్కకైనా చూడలేదు. మోటారు ఏట్లో కొట్టుకపాయ.