గఫూర్ సారు చూసిన ఆట

దయ్యాలు, గాలి సోకడాలు అంటూ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి పక్కకు వెళ్ళిపోయే రకం. హార్స్లీ హిల్స్‌లో ఒక గెస్ట్ హౌస్ వంటగదిలో పని నేర్చుకునే రోజుల్లో, చెట్ల మధ్య చీకటి దారిలో ఎన్నోసార్లు ఒంటరిగా నడిచాను. ఏమీ కనబడలేదు. కనబడుతుందన్న భయమూ లేదు. మదనపల్లెలో స్థిరపడిన ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు అలాంటి నమ్మకాలు లేవు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎటు తిప్పి చూసినా అంతుపట్టదు.

గఫూర్ సారు పుంగనూరులో మాకు డ్రిల్లు మాస్టరు. ఎండిన నేల మీద, చెప్పుల్లేని కాళ్ళతో పరిగెత్తించి మాకు ఫుట్‌బాల్ నేర్పారు. బంతి చిరిగితే ఇంటికి తీసుకెళ్ళి తానే కుట్టుకొచ్చేవారు. ఒక్క దెబ్బ కొట్టిన గుర్తు లేదు.

డెబ్భైల మొదట్లో ఒకసారి మమ్మల్ని ఆటకు కుప్పం తీసుకెళ్ళారు. అవతలి జట్టులో ఒకడికి జ్వరం వచ్చి మనిషి తక్కువయ్యాడు. సారు వెనకాముందూ చూడకుండా మాలో అందరికంటే బాగా ఆడేవాణ్ణి వాళ్ళకిచ్చి, వాడి స్థానంలో పక్కన కూర్చున్నవాణ్ణి దింపారు. మేం ఓడిపోయాం. మొహాలు ముడుచుకుని కూర్చుంటే, "ఆట బాగా జరిగిందా లేదా? ముందు అది సెప్పండి" అన్నారు. రెండు జట్లకూ కలిపి బన్నూ టీ ఇప్పించారు. అలాంటి మనిషి నాకు మళ్ళీ తారసపడలేదు.

తర్వాత నేను కువైట్ వెళ్ళి ఒక ఇంట్లో వంటవాడిగా కుదిరాను. 1982లో స్పెయిన్‌లో జరిగే ప్రపంచ కప్పుకు కువైట్ జట్టు కూడా అర్హత సాధించింది. మా యజమాని కుటుంబమంతా ఆటలు చూడ్డానికి బయలుదేరింది. ఆయన తల్లికి నా చేతి వంట తప్ప సయించదు. అందుకని నన్నూ తీసుకెళ్తామన్నారు.

ఆ ప్రయాణానికి ముందు సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు సారు దగ్గరికి వెళ్ళి ఈ మాట చెప్పాను. అప్పటికే పక్షవాతంతో మంచం పట్టి ఉన్నారు. మాట ముద్దముద్దగా వచ్చేది. అయినా వినగానే కళ్ళు వెలిగాయి.

"పొయ్యిరా రెడ్డెప్పా. బాల్ ఒక్కదాన్నే సూస్తా కూర్సోవద్దు. బాల్ లేని సోట ఏం జరగతాండాదో సూడు. వచ్చి నాకు సెప్పు."

సరేనన్నాను.

వయ్యడోలిడ్ అనే ఊళ్ళో ఫ్రాన్స్‌తో ఆట. యజమాని కుటుంబానికి ముందు వరసల్లో సీట్లు, నాకు చాలా వెనక ఒంటరిగా ఒకటి. సాయంత్రపు ఎండ కళ్ళల్లో కొడుతోంది. సారు చెప్పినట్టే చూశాను. బంతి ఒకవైపు ఉంటే ఇంకోవైపు ఎవరు ఎటు జరుగుతున్నారో గమనిస్తుంటే, అది వేరే ఆటలాగా ఉంది.

ఉన్నట్టుండి ఎక్కడో విజిల్ మోగింది. అది రెఫరీది కాదు, జనంలోంచి వచ్చింది. కువైట్ వాళ్ళు ఆట ఆగిందనుకుని నిలబడిపోయారు. ఫ్రాన్స్ వాళ్ళు గోలు కొట్టేశారు. గొడవ మొదలైంది. తెల్లటి అంగీ వేసుకుని తలకు రుమాలు కట్టుకున్న కువైట్ రాజకుటుంబీకుడు ఒకాయన పై నుంచి మైదానంలోకే దిగి వచ్చారు. చాలాసేపటికి రెఫరీ ఆ గోలును రద్దు చేశాడు.

ఆ గందరగోళంలో నేనూ లేచి నిలబడ్డాను. సారు కోసం ఆ ఉదయమే ఒక ఎర్ర టోపీ కొని ఒళ్ళో పెట్టుకున్నాను. అది జారి, గాలికి ఎగిరి కింది వరసల్లో పడింది. ఒక లావుపాటి మనిషి దాన్ని తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అడుగుదామంటే భాష రాదు. ఊరుకున్నాను. ఇంత చిన్న విషయం ఎవరికీ చెప్పలేదు.

కొన్ని నెలలకు ఊరికి వచ్చాను. పుంగనూరులో బస్సు దిగి నేరుగా సారు ఇంటికే వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది. ఆట జరిగిన కొద్ది రోజులకే పోయారట. ఆయన భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం. ఆమె ముందు కూర్చుని, చెబుతానన్న మాట చెప్పలేకపోయానని ఏడ్చాను.

"ఏడవద్దప్పా. ఆయన సూసినాడు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. చివరి రోజుల్లో మాట పూర్తిగా పడిపోయిందట. ఒక రాత్రి అన్నాలయ్యాక, లెక్క చూస్తే సరిగ్గా ఆట జరిగిన రోజే, ఉన్నట్టుండి గొంతు పెగిలి, మైదానంలో అరిచినట్టే అరిచారట. "యాల నిలబడినార్రా? విజిల్ రెఫరీది కాదు! ఆడండి!" కాసేపటికి, "గోలు తీసేసినారు" అన్నారట. తర్వాత కళ్ళు మూసుకునే నవ్వుతూ, "అయ్యో, రెడ్డెప్ప టోపీ ఎగిరిపాయ. పోనీలే, ఆ లావాయనకే బాగుండాది" అన్నారట.



పక్కింటి టైలరును విడిగా వెళ్ళి అడిగాను. ఆ రాత్రి అరుపు విని పరిగెత్తుకొచ్చిన మనిషి అతను. "జరంలో మాట్లాడతాండాడని అనుకొంటిమి. టోపీ అన్నాడు, నిజమే. ఎవురి టోపీనో మాకేం తెలుసు?" అన్నాడు. అప్పటికి ఆ వీధిలో టీవీ లేదు. సారు ఇంట్లో రేడియో మూలపడి చాలా కాలమైంది. గోలు గొడవ తర్వాత పేపర్లలో వచ్చి ఉండొచ్చు, కాదనను. నా టోపీ ఏ పేపర్లో వస్తుంది?

మళ్ళీ ఆ ఇంటికి వచ్చాను. అమ్మ టీ ఇచ్చి ఎదురుగా చతికిలబడింది.

"ఆయన సూసినాడు సరే. నేను సూడ్లేదు గదా. నాకు సెప్పు."

జీవితంలో ఒక్క ఆటయినా చూడని మనిషి ఆమె. మొదటి నుంచీ చెప్పాను. ఎవరు ఎటు పరిగెత్తారో నేల మీద వేలితో గీసి చూపించాను. చివరిదాకా కదలకుండా వింది.

"మనోళ్ళు గెలిసినారా?"

"లేదమ్మా, కువైటోళ్ళు ఓడిపోయినారు."

"ఓడినారా?" ఆమె నా మొహంలోకి చూసింది. "మరి ఆ రాత్రంతా ఆయన అంత సంతోషంగా ఉండాడే!"

"ఆట బాగా జరిగిందమ్మా, అందుకే" అన్నాను.